ఫ్రెంచ్ పాఠంలో దొరికిన ‘పాయె’



గత నెల మన కోరుట్ల బ్రాంచ్‌లో జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి నా ముందు ఒక కాగితం పెట్టారు. రెండు వైపులా నిండా రాసి ఉంది. ఎనిమిదో తరగతి చదివే వాళ్ళ బాబు శనివారం నేను తీసుకునే ఫ్రెంచ్ హాబీ క్లాసుకు వస్తాడు. ఫోన్‌లో ఏదో యాప్ చూసి ‘ఎత్ర్’ అనే క్రియకు ఉన్న రూపాలన్నీ ఆ కాగితం మీద ఎక్కించుకున్నాడు. ‘ఎత్ర్’ అంటే ‘ఉండు’. ఆమె రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక బాబును కూర్చోబెట్టి అవన్నీ ఒప్పజెప్పించుకుంటున్నారట.

“అన్ని వచ్చినయ్ మేడం, గీ ఒక్క డబ్బ వస్తలేదు” అని వేలు పెట్టి చూపించారు. వాట్సాప్ వీడియోలో దుబాయ్ నుంచి వాళ్ళాయన కూడా ఉన్నారు. “ఫ్రెంచ్ వస్తె కెనడాకు పనికొస్తదంటున్నరు మేడం. గట్టిగ నేర్పియ్యండి” అన్నారు.

ఆ డబ్బాలో ఉన్నది ‘పాసే సాంప్ల్’. ఫ్రెంచ్‌లో పుస్తకాల్లో మాత్రమే కనిపించే భూతకాలం. నేను అడగకముందే బాబు మొదలుపెట్టాడు: జ ఫ్యు, త్యు ఫ్యు, ఇల్ ఫ్యు, ను ఫ్యూమ్, వు ఫ్యూత్, ఇల్ ఫ్యూర్. ‘ఫ్యూత్’ దగ్గర కొంచెం తడబడ్డాడు కానీ పూర్తి చేశాడు. “శభాష్. ఇప్పుడు దీంతో ఒక వాక్యం చెప్పు” అన్నాను. గోడ మీద ఉన్న క్యాలెండర్ వైపు చూశాడు.

ఆ రోజు నేను ఆ తల్లికి రెండు నిమిషాల్లో ఏదో చెప్పి పంపించాను. బయట వరుసలో ఇంకా పదిమంది ఉన్నారు. చెప్పింది సరిపోలేదని బస్సులో జగిత్యాల తిరిగి వస్తున్నంతసేపూ అనిపించింది. అందుకే ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ఇంగ్లీష్ టీచర్ని తెలుగు పేజీలో రాస్తానంటే మా ఎడిటర్ సార్ ఒకసారి అనుమానంగా చూశారు, తర్వాత సరే అన్నారు.

ముందు ఈ పాసే సాంప్ల్ సంగతి చెప్తాను. ఫ్రాన్స్‌లో ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు ‘అతను వెళ్ళాడు’ అనాలంటే ‘ఇలె పార్తీ’ అంటారు. అది మాటల్లో వాడే భూతకాలం. అదే సంగతి కథల పుస్తకంలో, చరిత్ర పుస్తకంలో అచ్చయితే ‘ఇల్ పార్తీ’ అని ఉంటుంది. చెవికి తేడా చాలా చిన్నది, కానీ వ్యాకరణంలో రెండూ వేరు వేరు కాలాలు. రెండోది నోటితో ఎవరూ వాడరు. కూరగాయల దుకాణంలో నిలబడి పాసే సాంప్ల్‌లో మాట్లాడితే, మన అంగడికి వెళ్ళి “ఓయీ, వంకాయలు ఎంతకు విక్రయించితివి?” అని అడిగినట్టే ఉంటుంది.

పైగా ఈ కాలానికి రూపాలు కట్టడం అంత సులువు కాదు. క్రియలు గుంపులుగా విడిపోతాయి. ఒక గుంపుకు చివర ‘ఆ’ వస్తుంది: ఇల్ పార్లా, మాట్లాడెను. ఇంకో గుంపుకు ‘ఈ’: ఇల్ ఫీ, చేసెను. మరో గుంపుకు మన నోటికి అసలు తిరగని ‘యు’: ఇల్ ఫ్యు, ఉండెను. ‘వచ్చు’ అనే క్రియ ఈ మూడింటిలోనూ ఇమడదు, దానిది ముక్కుతో పలికే ‘ఇల్ వాఁ’. చేసెను, ఉండెను రెండింటికీ తేడా ఆ ఒక్క అచ్చులోనే. మన పిల్లలకు ‘ఫీ’ అన్నా ‘ఫ్యు’ అన్నా ఒకలాగే వినిపిస్తుంది. నాకూ చాలా రోజులు అలాగే వినిపించింది. బీఈడీ చదివే రోజుల్లో సాయంత్రం పూట ఒక ఫ్రెంచ్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అక్కడ మాకు ఈ టేబుళ్ళన్నీ బట్టీ పెట్టించారు. పరీక్ష రాశాను, మార్కులొచ్చాయి, వేసవి సెలవులు అయ్యేసరికి సగం మర్చిపోయాను. ఒక్క కథ కూడా చదివించకుండా కథల్లో మాత్రమే ఉండే కాలాన్ని నేర్పించారని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఫ్రాన్స్ పిల్లలు కూడా దీంతో తిప్పలు పడతారు. ‘తీసుకొనెను’ అనడానికి ‘ఇల్ ప్రీ’ అని రాయాల్సిన చోట ‘ఇల్ ప్రనా’ అని కొత్త మాట కల్పించి రాసేస్తారు. 2016లో అక్కడి ప్రభుత్వం కొత్త పాఠ్యప్రణాళిక అమలు చేసినప్పుడు, తొమ్మిది నుంచి పదకొండేళ్ళ పిల్లలకు ఈ కాలంలో ‘అతడు, ఆమె, వారు’ రూపాలు నేర్పితే చాలంది. కథల్లో కనిపించేవి అవే కదా. దానిమీద పెద్ద గొడవే జరిగింది. భాషను పలచన చేస్తున్నారని కొందరు, వాడని రూపాలతో పిల్లల్ని వేధించడం దేనికని ఇంకొందరు. మన లైబ్రరీలో ఉన్న ఎనిడ్ బ్లైటన్ ‘ఫేమస్ ఫైవ్’ పుస్తకాల ఫ్రెంచ్ అనువాదాలను కొన్నేళ్ళ కిందట తిరిగి అచ్చువేసినప్పుడు, పాసే సాంప్ల్ తీసేసి వర్తమాన కాలం పెట్టారు. దానికీ గొడవే. అంతకు చాలా ముందు, 1942లోనే, ఆల్బేర్ కామూ తన ‘లెత్రాంజే’ నవలను దాదాపు మొత్తం మాటల్లో వాడే భూతకాలంలో రాశాడు. నవల అంటే పాసే సాంప్ల్‌లోనే ఉండాలనుకునే రోజులవి.

ఫ్రెంచ్ వాళ్ళే ఇంతగా వాదించుకునే రూపాన్ని కోరుట్లలో ఒక పదమూడేళ్ళ బాబు రాత్రి పదింటికి నిద్ర కళ్ళతో ఒప్పజెప్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. కెనడా కోసమైతే అసలే అక్కర్లేదు. 2023 నుంచి కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవారిని విడిగా పిలుస్తున్న మాట నిజమే. అక్కడ చూసేది వినగలరా, చదవగలరా, మాట్లాడగలరా, మామూలు ఉత్తరం రాయగలరా అన్నది. ఈ కాలం కనిపించినప్పుడు గుర్తుపడితే చాలు.

ఇది ఆ తల్లిదండ్రులకు చెప్పాల్సిన మొదటి మాట. రెండో మాట ఫ్రెంచ్ గురించి కాదు, నా తప్పు గురించి.

రెండేళ్ళ కిందట జగిత్యాల బ్రాంచ్‌లో ఏడో తరగతికి సింపుల్ పాస్ట్ టెన్స్ చెప్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన ఒక కథను ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీష్‌లోకి మార్చమన్నాను. ఒక పాప తాతగారి బర్రె తప్పిపోయిన కథ రాసింది. పేజీ నిండా ఉంది. బర్రె తప్పిపాయె. తాత ఎతుక్కుంట పాయె. చీకటాయె. వాన అచ్చె. నేను ఎర్ర పెన్ను తీసుకుని పాయె కొట్టేసి పోయింది, ఇంకో పాయె కొట్టేసి వెళ్ళాడు, ఆయె కొట్టేసి అయ్యింది, అచ్చె కొట్టేసి వచ్చింది అని రాశాను. కింద ‘రైట్ ప్రాపర్ తెలుగు’ అని కూడా రాశాను. ఇంగ్లీష్ టీచర్ని, తెలుగు దిద్దడానికి నాకున్న అర్హత ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

ఆ పాప కథను మళ్ళీ రాసుకొచ్చింది. మూడు వాక్యాలు. తాతకు బర్రె ఉండేది. అది తప్పిపోయింది. తర్వాత దొరికింది. ఇంగ్లీష్‌లోనూ మూడే వాక్యాలు, వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. చీకటి లేదు, వాన లేదు. ఆ ఏడాది ఆ పాప ఇంటి నుంచి ఇంకో కథ తేలేదు. అడిగితే “కథలేం లేవు మేడం” అనేది.

తర్వాత ఒక రాత్రి పిల్లల కోసం సులువు చేసిన ఫ్రెంచ్ కథల పుస్తకం చదువుతున్నాను. ఎర్రటోపీ పాప, తోడేలు. 1697లో షార్ల్ పెరో అచ్చువేసిన కథల్లో ఒకటి, మన పిల్లలకూ తెలిసినదే. తోడేలు వచ్చెను, తలుపు కొట్టెను, అవ్వ పలికెను, తోడేలు మింగెను. అన్నీ పాసే సాంప్ల్. ఒకదాని వెనుక ఒకటి, ఎక్కడా ఆగకుండా కథ దొర్లిపోతోంది. ఇది ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. పుస్తకం మూసేశాక గుర్తొచ్చింది. బర్రె కథ.

మీకు స్కూల్లో చెప్పే ఉంటారు. గ్రాంథికంలో భూతకాలం ఇలా ఉంటుంది: నేను చేసితిని, నీవు చేసితివి, మేము చేసితిమి, మీరు చేసితిరి, వారు చేసిరి. వాడైనా, ఆమె అయినా, బర్రె అయినా ‘చేసెను’ ఒక్కటే. 1853లో వచ్చిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ అంతా ఈ బాణీలోనే నడుస్తుంది. పిల్లల చేత ఇలాంటి తెలుగే రాయించాలని పట్టుబట్టినవారితో గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాలపాటు పోరాడారు. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలన్నది ఆయన వాదం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. పిల్లలు పంచెలు, చీరలు కట్టుకుని వస్తారు, ఫొటోలు తీస్తాం.

ఆ పోరాటం జరిగింది మద్రాసు రాష్ట్రంలో. మన దగ్గర అప్పుడు నిజాం పాలన, చదువు ఉర్దూలో. సిరిసిల్ల పక్కన హనుమాజీపేటలో పుట్టి, 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న సి. నారాయణరెడ్డి గారు కూడా చిన్నప్పుడు ఉర్దూ మీడియంలోనే చదువుకున్నారు. అంటే మన ఊళ్ళలో ఇళ్ళల్లో మాట్లాడిన తెలుగు చాలాకాలం బడి గడప తొక్కలేదు. బడి దిద్దలేదు కాబట్టి కొన్ని పాత రూపాలు అలాగే మిగిలిపోయాయి. పోయెను అన్న మాటలో చివరి ‘ను’ జారిపోయి, నోట్లో కాస్త అరిగి ‘పాయె’ అయింది. ఆయెను ‘ఆయె’ అయింది. వచ్చెను మన వైపు ‘అచ్చె’ అయింది. పోయితిమి ‘పోతిమి’ అయింది. పాత పద్యాల్లో కూడా ‘ను’ లేకుండా వచ్చె, పోయె అని ఎన్నోచోట్ల ఉంటుంది.

సిరిసిల్లలో మా అమ్మమ్మ ఉంటుంది. ఇంటి పక్కన సాంచెల చప్పుడు రోజంతా వినిపిస్తుంది. కరెంటు పోయి చప్పుడు ఆగిన క్షణంలో ఆమె నోటి నుంచి వచ్చేది ఒకటే మాట: “పాయె!” ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న “ఏమాయె బిడ్డా, తిన్నవా?” పక్కింటివాళ్ళ పెళ్ళి సంగతి చెప్పాలంటే “మేం పోతిమి, తింటిమి, అస్తిమి” అని మూడు మాటల్లో ముగిస్తుంది. ఆమె బడి ముఖం చూడలేదు. చిన్నయసూరి పేరు వినలేదు. పోతిమి, తింటిమి, అస్తిమి అంటూ ఆమె వాడుతున్నవి మనం పదో తరగతిలో గ్రాంథికం అని భయపడిన రూపాలే. ఫ్రాన్స్‌లో ఇలాంటి కాలం నోటి నుంచి పోయి పుస్తకంలో మిగిలింది. మన దగ్గర ఇప్పటి పుస్తకాల నుంచి పోయి అమ్మమ్మల నోట్లో మిగిలింది.

రెండూ అచ్చంగా ఒకటే అని నేననడం లేదు. పాసే సాంప్ల్ రాతలో జరిగిపోయిన కథకు. మన ‘పాయె’ ఇప్పుడే, కళ్ళముందు జరిగినదానికీ వస్తుంది. కానీ పిల్లలకు ఆ తేడా చెప్పడానికి ముందు వాళ్ళ చెవిలో ఉన్నదాన్ని గుర్తుచేయడం మేలని అనిపించి, మీటింగ్ తర్వాతి శనివారం కోరుట్ల క్లాసులో టేబుళ్ళు పక్కన పెట్టించాను. ఎర్రటోపీ పాప కథ తీసి, ఒక్కో క్రియ పక్కన ఇంట్లో నానమ్మ ఎలా చెబుతుందో అలా రాయమన్నాను. అరీవా — అచ్చె. ఫ్రాపా — కొట్టె. ఊవ్రీ — తీసె. మాంజా — మింగె. మొదట నవ్వారు. “మేడం, గిట్ల రాయొచ్చా?” అని ఒకరు అడిగారు. అరగంటలో కథ మొత్తం వాళ్ళే చదివేశారు. కొత్త క్రియ వచ్చినా చివర చూసి ఇది ‘పాయె’ లాంటిది అని గుర్తుపట్టారు.

అప్పుడు నాకు తెలియనిది ఒకటి వాళ్ళే చెప్పారు. ‘బస్సు పోయింది’కీ ‘బస్సు పాయె’కీ తేడా ఏమిటని అడిగాను. గోడవైపు చూసిన ఆ బాబే చెయ్యెత్తాడు. “పోయింది అంటె ఊకె చెప్పుడు మేడం. పాయె అంటె అయిపాయె, ఇగ రాదు.” ఇంగ్లీష్‌లో రెండింటికీ ‘వెంట్’ ఒక్కటే. ఆ మాటతో ఈ తేడాను నేను ఎన్ని పీరియడ్లు చెప్పినా అంత బాగా చెప్పలేను.

మీలో కొందరికి ఇప్పటికే ఒక సందేహం వచ్చి ఉంటుంది. మరి పరీక్షలో పాయె అని రాస్తే మార్కులు పోవా? వ్యాసంలో రాస్తే పోవచ్చు. వ్యాసానికి, అప్లికేషన్‌కు పాఠ్యపుస్తకం తెలుగు రావాలి, అది మా తెలుగు టీచర్లు నేర్పుతారు, నేర్పాలి కూడా. నా మాటల్లా, ఇంట్లో కథ చెప్పేటప్పుడు, కథలో మనుషులు మాట్లాడేటప్పుడు మన పిల్లల నోటిని దిద్దకండి. “గట్ల కాదు, మంచిగ మాట్లాడు” అని బంధువుల ముందు అనకండి. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజుకు తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు స్టేజీ మీద మన యాసలో మాట్లాడితే చప్పట్లు కొట్టి, మర్నాడు నోటుబుక్‌లో కనిపిస్తే కొట్టేసే పని నేనే చేశాను. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. పోయిన వారం పిలిచి, నేను దిద్దింది తప్పని చెప్పాను. “ఏ కథ మేడం?” అంది. మర్చిపోయిందో, మర్చిపోయినట్టు అడిగిందో తెలియలేదు.

ఇక తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులకు ఒక మాట. 2018 చట్టం వల్ల మన రాష్ట్రంలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. ఇంటర్‌కు వెళ్ళగానే సెకండ్ లాంగ్వేజ్ మీ ఇష్టం. రెండేళ్ళకూ కలిపి 200 మార్కులు. ఆ మార్కుల కోసం సంస్కృతమో, దొరికిన చోట ఫ్రెంచో తీసుకోవడం మామూలైపోయింది. ‘స్కోరింగ్ సబ్జెక్ట్’ అనే మాట నేనూ పేరెంట్స్ మీటింగుల్లో వాడాను. సంస్కృతం మీదా ఫ్రెంచ్ మీదా నాకు చిన్నచూపు లేదు. ఫ్రెంచ్ నాకు ఇష్టం కాబట్టే సెలవు రోజు బస్సెక్కి కోరుట్ల వస్తున్నాను. పిల్లలకు నిజంగా ఇష్టముంటే తీసుకోనివ్వండి, నేను సాయం చేస్తాను. కానీ మార్కులొక్కటే కారణమైతే, ఫారం నింపే ముందు ఒకసారి ఆ బాబు కాగితం గుర్తుచేసుకోండి. ఆరు రూపాలూ వచ్చాయి, వాక్యం రాలేదు. ఆ రెండేళ్ళూ తెలుగు తీసుకుంటే పాత పద్యం ఒకటి ఎదురుగా వస్తుంది, అందులో ‘పోయెను’ ఉంటుంది, అది తన నానమ్మ మాటేనని తెలిసే అవకాశం ఉంటుంది. పదిహేనేళ్ళ వయసులో అది ఆగిపోతే మళ్ళీ ఎప్పుడు చదువుతారు? ఇంజినీరింగ్‌లోనా?

సిరిసిల్ల బ్రాంచ్‌లో ఒక తండ్రి నాతో అన్న మాట కూడా ఇక్కడ చెప్పాలి. “మేడం, మా యాస వల్ల నేను ఇంటర్వ్యూల నవ్వులపాలైన. నా బిడ్డకు అది వద్దు.” దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన పడిన అవమానం నిజం. నవ్వినవాళ్ళు తప్పు చేశారు, శిక్ష ఆయన మాటకు పడింది. పిల్లలకు రెండూ వచ్చేలా చేయగలిగితే, ఎక్కడ ఏది వాడాలో తెలిసేలా చేయగలిగితే ఆయన భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం. ఫ్రాన్స్‌లో పిల్లలు మాటల కాలం ఒకటి, పుస్తకం కాలం ఒకటి రెండూ మోస్తూ పెరుగుతున్నారు కదా. మన పిల్లలు పోయిండు, వెళ్ళాడు, పోయెను మూడూ మోయలేరా? ఇంగ్లీష్ ‘వెంట్’ దీనికి అదనం.

దసరా సెలవులకు నేను నోటుబుక్ హోంవర్క్ ఇవ్వడం లేదు. మా తెలుగు టీచర్‌తో మాట్లాడి ఒక చిన్న పని అనుకున్నాం. బతుకమ్మ పాటల్లోనూ, ఒగ్గు కథల్లోనూ కథ నడిపించేది ఎక్కువగా ఈ ‘అచ్చె, పాయె, ఆయె’లే. సెలవుల్లో ఊరికి వెళ్తారు కదా, నానమ్మనో తాతనో అడిగి ఒక కథ ఫోన్‌లో రికార్డ్ చేయించండి. ఐదు నిమిషాలు చాలు. మధ్యలో దిద్దవద్దు, “స్టాండర్డ్ తెలుగులో చెప్పు” అని వాళ్ళను ఇబ్బంది పెట్టవద్దు. పిల్లలు విని, అందులో ఎన్ని ‘పాయె’లు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ కథను ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఇంగ్లీష్‌లో రాసుకురావాలి. తెలుగు పేజీలో నానమ్మ మాట నానమ్మ మాటలాగే ఉండాలి. నేను ఎర్ర పెన్ను తేను.

కోరుట్ల బాబు వాళ్ళమ్మ మొన్న ఫోన్ చేశారు. రాత్రి ఒప్పజెప్పుడు బంద్ చేశామన్నారు. కథ మాత్రం సెలవుల దాకా ఆగలేదట. వాళ్ళ అత్తమ్మ దుబాయ్‌లో ఉన్న కొడుక్కు వీడియోలో ఇంటి బావి తవ్విన కథ చెప్తుంటే, బాబు పక్కన కూర్చుని పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాడట. పదకొండు దాకా లెక్క వచ్చిందట, అంతలోనే ఫోన్ కట్టాయె.